బడి కబురు నడచిన త్రోవ

వీధిబడి దినములలో రామచంద్రపుర ప్రాంతపు పల్లెలయందు, తెల్లవారక మునుపే బడికి పోయిన బాలుడు చద్దియన్నమునకై ఇల్లు చేరగానే, తల్లి మొట్టమొదట చూచునది వాని యరచేయి. అందఱికంటె ముందుగా పంతులుగారి యరుగు చేరినవానికి అరచేత 'శ్రీ' వ్రాయుటయు, రెండవవానికి చుక్క పెట్టుటయు, మూడవవాడు మొదలుకొని వచ్చిన వరుసను బట్టి ఒకటి, రెండు, మూడుగా బెత్తపు దెబ్బలు పెంచుకొనిపోవుటయు నాటి తెలుగుదేశపు బడులలో వాడుకయైన యాచారము. శ్రీకారము దక్కినవాడు చేయి చాచుకొని వచ్చును. చేయి యెఱ్ఱబాఱినవాడు దానిని వీపు వెనుక దాచుకొని వచ్చును. చాచిన చేయియు దాచిన చేయియు తల్లికి చెప్పవలసిన దానిని చెప్పియే తీరును. అక్షరము రాని యిల్లాలికి సయితము చూచినంతనే బోధపడిన యీ లేఖకంటె సులభమైన ప్రగతిపత్రమును తరువాతి కాలమున ఏ విద్యాశాఖయు కనిపెట్టలేదని నా యభిప్రాయము.

బడిలోని సంగతులు ఇంటికి చేరిన మార్గముల చరిత్ర వ్రాయబూనినవానికి మొదట తోచెడి విచిత్రము కూడ నిదియే. తక్కిన వ్యవహారములయందు వార్త వేఱు, దానిని మోయువాడు వేఱు. బడి కబురున మాత్రము పిల్లవాడే వార్త, పిల్లవాడే వార్తాహరుడు. ముద్దాయి చేతికే సమను నిచ్చి, నీ మీది యభియోగమును నీ తండ్రికి నీవే చదివి వినిపించి రమ్మని పంపినట్లుగా, గోదావరి డెల్టాలో చదువు చెప్పినవారు, అరుగుమీది పంతులు మొదలు జిల్లా పరిషత్తు ప్రధానోపాధ్యాయుని వఱకు, ఈ బాలదూతనే నమ్ముకొనిరి. ఆ దూత కబురును ఎప్పుడు చెప్పెనో, ఎప్పుడు మ్రింగెనో, ఎంత చెప్పి ఎంత దాచెనో, అదియే యీ కథ.

1822లో మద్రాసు గవర్నరుగా నుండిన సర్ తామస్ మన్రో, తన యేలుబడిలోని జిల్లాలలో బడులెన్ని, చదువువారెందఱు అని కలెక్టర్లను లెక్క యడిగెను. అప్పుడు రామచంద్రపురము చేరియుండిన రాజమహేంద్రవరము జిల్లానుండి 291 బడులనియు, అవిగాక వేదశాస్త్రాదులు చెప్పెడి స్థలములు 279 అనియు లెక్క పోయెను. ఆ బడులలో తల్లిదండ్రులకు ప్రత్యేకముగా కబురంపవలసిన పని యంతగా లేదు. బడి వీధి యరుగు మీదనే సాగును గనుక, చేనికి పోవు తండ్రికి కొడుకు గొంతు వినబడుచునే యుండును. అది వినబడనినాడు వాడు గోడకుర్చీ వేసియున్నాడనియో, కోదండమున వ్రేలాడుచున్నాడనియో గ్రహింపవచ్చును. సెలవులు తెలిపెడివాడు చంద్రుడు. పౌర్ణమి, అమావాస్య, పాడ్యమి, అష్టమి యన్నవి అనధ్యయన దినములని యెల్లరెఱుగుదురు గనుక పంచాంగమే బడి క్యాలెండరు. పిల్లవాడు రాకుండినచో పంతులుగారు చీటి వ్రాయరు. నలుగురు పెద్దపిల్లలను పంపుదురు. వారు ధాన్యపు గాదె చాటునుండియో, పెరటి చెట్టుమీదనుండియో ఆ పారిపోయినవానిని వెలికి లాగి, కాలొకరు చేయొకరు పట్టుకొని మోసికొనిపోవుచుండగా, వాని గైరుహాజరు ఇంటివారికే గాక ఊరివారికందఱికిని తెలిసెడిది.

ఏటికొకమాఱు మాత్రము బడి తానే కదలి యింటికి వచ్చెడిది. అది దసరా. శరన్నవరాత్రములలో పంతులుగారు పిల్లలకు తలంటి పోసికొని క్రొత్తబట్టలు కట్టుకొని రమ్మని చెప్పి, రంగుకాగితములు చుట్టిన గిలకలను, పూలును బుక్కాయు నింపి చిమ్మెడి వెదురు విల్లంబులను వారి చేతికిచ్చి, వరుసగా నిలిపి, ఇంటింటికిని వెంటబెట్టుకొని తిరిగెడివారు. ఇంటి ముంగిట నిలిచి పిల్లలు దసరా పద్యములు చదువుదురు. అందు గృహస్థునకు ఆశీర్వాదము కొంత, ఇచ్చుటకు వెనుకాడువానికి ఎత్తిపొడుపు కొంత. ఇంటి యజమాని పంతులుగారికి మామూలు ముట్టజెప్పును. పిల్లలకు పప్పుబెల్లములు పంచబడును. తలుపు వార నిలిచిన యిల్లాలు ఏ పిల్లవాని గొంతు నిలుకడగా నున్నది, ఎవ్వడు పెదవులు మాత్రమే కదలించుచున్నాడు, ఎవ్వడు పద్యము నోటికి రాక ప్రక్కవాని వంక చూచుచున్నాడు అని కనిపెట్టుచునే యుండును. ఏడాది పొడుగున పంతులు చెప్పిన చదువు ఆ ముంగిటనే పరీక్షకు నిలిచెడిది, పరీక్షకురాలు తల్లి.

ఈ యాచారమును బిచ్చమెత్తుట యని ఈసడించినవారు గలరు. పంతులు బ్రతుకు మామూళ్లమీద నాధారపడినదే గనుక ఆ మాటలో నిజము లేకపోలేదు. అయినను, నేడు వార్షికోత్సవమనియు, తల్లిదండ్రుల సమావేశమనియు, విరాళముల సేకరణమనియు మూడు పేళ్లతో మూడు దినములలో జరుపు కార్యమును నాటి పంతులు ఒక్క ప్రొద్దున, ఒక్క గిలకల మ్రోతలో ముగించెడివాడని కూడ ఒప్పుకొనవలెను. ఆ యూరేగింపు ఊరికి దూరముగా నుండిన పేటల వంకకు మాత్రము తిరుగలేదు. అచటి పిల్లలకు ఆ యరుగుమీద చోటే లేదు. కనుక వారి తల్లులకు చెప్పవలసిన కబురును లేదు. ఆడుపిల్లల సంగతియు దాదాపు నట్లే. 1874లో కందుకూరి వీరేశలింగము పంతులుగారు ధవళేశ్వరమున బాలికా పాఠశాల స్థాపించుటకై ముందు తల్లిదండ్రులను ఒప్పించుటకే ఎంతయో మాటలాడవలసివచ్చెను.

ధవళేశ్వరపు టానకట్ట 1852లో పూర్తియై కాలువలు పాఱిన దినములలోనే దొరతనమువారి చూపు బడులమీద కూడ పడినది. రాజమహేంద్రవరము సబ్ కలెక్టరగు టేలరు దొర నరసాపురమునను, దాని చుట్టునున్న పాలకొల్లు, ఆచంట, పెనుగొండలలోను బడులు పెట్టించెను. వానిని చూచిన పరిసర గ్రామముల రైతులు తమకును బడులు కావలెననియు, అందులకై శిస్తుతోబాటు కొంత సొమ్ము చెల్లింతుమనియు ముందుకు వచ్చిరి. ఈ యేర్పాటునకు చట్టబలము కూర్చుటకై 1863లో మద్రాసు విద్యాచట్టము పుట్టినది. రైతులు తమంత తామిచ్చినపుడు నడచిన పద్ధతి, చట్టము వచ్చిన పిమ్మట పన్నుగా తోచి కుంటువడినది. దొరతనమువారి సదుద్దేశముల కిట్టి గతి పట్టుట క్రొత్త గాదు.

కబురు త్రోవ మాఱినదిచ్చటనే. 19వ శతాబ్ది యుత్తరార్ధమున పిల్లల యుత్తీర్ణతను బట్టి బడికి గ్రాంటు నిచ్చెడి పద్ధతి రాగా, పంతులు జవాబు చెప్పవలసినది ఇంటికి గాక ఇన్‌స్పెక్టరునకు. బడి సమాచారము హాజరుపట్టీలోను, రిపోర్టులలోను తాలూకా కచేరికి ప్రయాణము సాగించెను. ఇంటికి చేరునది దాని పొట్టు మాత్రమే. ఇన్‌స్పెక్టరుగారు వచ్చుటకు ముందునాడు పంతులు తానే ఇల్లిల్లు తిరిగి, ఊడ్పులకు పోయినవానిని, గేదెలను తోలుకొనిపోయినవానిని, మేనమామగారి యూరికి పోవ సిద్ధమైనవానిని "రేపొక్కనాటికి పంపుడమ్మా" యని బతిమాలెడివాడు. ఒకప్పుడు నలుగురు పిల్లలచే పిల్లవానిని మోయించి తెప్పించిన పంతులే ఇప్పుడు గుమ్మము ముందు చేతులు కట్టుకొని నిలిచెను.

1884 నాటి స్థానికబోర్డుల చట్టముతో తాలూకాబోర్డు, జిల్లాబోర్డు వచ్చినవి. బడి కూడ 'బోర్డుస్కూలు' అయినది. రామచంద్రపురము తాలూకా కేంద్రమగుటచే చుట్టుపట్ల పల్లెల పిల్లలు పెద్దచదువునకు ఇచ్చటికే వచ్చి, బంధువుల యిండ్లలోనో అద్దెగదులలోనో ఉండి చదువుకొనిరి. ఇల్లు దూరమైనకొలదిని కబురు పల్చబడును. జీతము కట్టవలసిన గడువు, పరీక్షఫీజు, పుస్తకముల వెల, ఇవన్నియు కొడుకు కార్డుముక్క మీద వ్రాసినట్లే తండ్రికి తెలియవలెను. వ్రాసిన వెలకును అసలు వెలకును గల యంతరము కాఫీహోటలువాని కెఱుక.

1911 ప్రాంతమున మెట్రిక్యులేషను స్థానమున స్కూలుఫైనలు వచ్చుటతో పిల్లవానికొక పుస్తకమబ్బినది. ఎస్.ఎస్.ఎల్.సి. పుస్తకమనెడి దానిలో వాని పుట్టిన తేదీ, పుట్టుమచ్చలు, తరగతి పరీక్షలలోని మార్కులు సర్వమును ఎక్కియుండును. భూమి దస్తావేజులతోబాటు దానిని పెట్టెలో భద్రపఱచిన కుటుంబములు నేటికిని గలవు. కాని అసలు కబురు ఆ పుస్తకమున లేదు. అది పేపరులో పడవలెను. ఫలితములు వెలువడు దినమున కుఱ్ఱవాండ్రు పత్రికకై ఎదురుచూచుట పల్లెలలో ఒక పర్వము. కాకినాడనుండి కోటిపల్లికి 1928లో రైలు వేయగా కొన్నాళ్లు రామచంద్రపురమునకు కబురు రైలుమీదను రాగల్గినది. యుద్ధకాలమున 1940లో ఆ పట్టాలు పెకలించుకొనిపోయిరి. ఆ త్రోవను రైలు మరల కూసినది 2004లో. నడుమ నున్న కాలమంతయు బస్సును, సైకిలును దిక్కు. పత్రికల కట్ట విప్పీ విప్పకముందే పదిమంది చేతులు పైబడి, సన్నని యంకెల వరుసలలో తన నెంబరు కానక, అచ్చుతప్పేమో యని మఱియొక పత్రిక కొని చూచిన యభాగ్యుడు ప్రతి యూరను ఒకడుండును. నెంబరు పడనివాడు ఆ దినమున ఇంటికి కబురు మోయడు. సాయంకాలము వఱకు కాలువగట్టుననే కూర్చుండును. ఆ మౌనమే యింటికి కబురు.

ప్రోగ్రెసుకార్డు చరిత్రను ఎవ్వరును వ్రాయలేదు గాని, వ్రాయదగినది. దానిపై 'తండ్రి లేక సంరక్షకుని సంతకము' అను గడి యుండెడిది. తల్లికి గడి లేదు. సంతకమెఱుగని తండ్రి వేలిముద్ర వేయుటకు సిద్ధముగానే యుండును, కాని అందున్న దేమని కొడుకునే యడుగవలెను. 'లెక్కలలో బాగుగా వెనుకబడినాడు' అను వాక్యమున 'బాగుగా' యన్న పదము మాత్రము తండ్రికి వినబడునట్లు చదివిన ఘటికులను నేనెఱుగుదును. నా మట్టుకు నేను, మా తండ్రిగారి చేవ్రాలును మూడునెలలు సాధనచేసి, ఆయనకంటె అందముగా వ్రాసి పట్టుబడితిని. "మీ నాన్నగారి కింత చక్కని దస్తూరి యెప్పటినుండిరా?" యని మాస్టారడిగిన తీరు నేటికిని చెవిలో నున్నది. కొట్టలేదు. ఆ సాయంకాలము నాతోబాటు మా యింటికి నడచి వచ్చి, అరుగుమీద కూర్చుండి, మజ్జిగ త్రాగి, కార్డు సంగతి యెత్తకయే వెళ్లిరి. నేనే రాత్రి చెప్పివేసితిని.

ఈ కార్డులలోను నోటీసులలోను వాడిన భాష సంగతి కూడ నొకింత చెప్పవలెను. 1911 మొదలుకొని పాఠశాలలలో వ్రాయవలసిన తెలుగు ఏది యను వివాదము చెలరేగినపుడు, గ్రాంథిక పక్షమున నిలిచిన జయంతి రామయ్య పంతులుగారు గౌతమి కావలి యొడ్డునగల ముక్తేశ్వరమువారే. వ్యవహారభాషకై పోరిన గిడుగు రామమూర్తి పంతులుగారు ఉత్తరాంధ్రమువారు. ఇంద్రగంటి హనుమచ్ఛాస్త్రిగారివంటి కవి తెలుగు పండితులుగా పనిచేసిన మా రామచంద్రపురమున, తరగతిలో భాష యెట్లుండినను కొఱత లేదు. గాని, 'తమ కుమారుడు పాఠశాలకు క్రమముగ హాజరగుట లేదని తెలియజేయుటకు చింతించుచున్నాము' అను వాక్యమును బండి తోలుకొను తండ్రికి ఎవ్వరు తెలుగు చేయవలెను? మరల ఆ కుమారుడే. గ్రాంథికమున ఇంత వ్రాయుచున్న నేను ఈ మాట యనుట చోద్యమే యగును. అయినను గిడుగువారి పక్షమున నొక్క సాక్ష్యము నావలన నుండనిండు.

1959లో జిల్లా పరిషత్తు లేర్పడి బోర్డుస్కూళ్ల పలకలు మాఱినవి, కబురు మాఱలేదు. సెలవు ప్రకటన బంట్రోతు తెచ్చు నోటీసు పుస్తకముతో తరగతి తరగతికి తిరిగి, పిల్లల కేకలలో వీధిని పడెడిది. 1986 ఆగస్టునందు గోదావరి పొంగి వచ్చినపుడును, 1996 నవంబరు 6వ తేదీ తుపానునాడును బడులు లేవని ఎవ్వరును చాటింప నక్కఱ లేకపోయెను.

తల్లిదండ్రులకు బడిమీద మాట యుండవలెనని 1998లో ప్రజాభాగస్వామ్య చట్టము విద్యాకమిటీల నేర్పఱచినది. 2009 నాటి విద్యాహక్కు చట్టము వానిని యాజమాన్య కమిటీలుగా నిలిపినది. కాగితము మీది యీ చట్టములకంటె డబ్బు త్వరగా పని చేసినది. 2020 జనవరిలో ఆరంభమైన అమ్మఒడి పథకపు సొమ్ము తల్లి ఖాతాలో పడుటయు, దానికి నూటికి 75 హాజరు నిబంధన యుండుటయు, 2025లో తల్లికి వందనమను పేర ఆ సహాయము మరల తల్లి ఖాతాకే చేరుటయు జరుగగా, ప్రోగ్రెసుకార్డులో గడి లేని యా తల్లి ఫోను నెంబరే బడి రిజిస్టరులో ముందు వ్రాయవలసిన యంకె యయ్యెను. 2024 డిసెంబరు 7వ తేదీన రాష్ట్రమందలి ప్రభుత్వ పాఠశాలలన్నిట ఒక్కనాడే తల్లిదండ్రుల సమావేశము జరిగినది. ముంగిట ముగ్గులు పెట్టి బడివారు తల్లులను ఎదురేగి పిలిచిరి. దసరానాడు బడి ఇంటికి వచ్చెడిది. ఇప్పుడు ఇల్లు బడికి పోయినది. పప్పుబెల్లములకు మాఱు సహపంక్తి భోజనము. 2025 జనవరి చివర 'మన మిత్ర' యను వాట్సాప్ సేవ రాగా, ఆ యేడు పదవతరగతి ఫలితములు కూడ ఫోనులోనికే వచ్చినవి. పేపరు కట్టకొఱకు ఎదురుచూచినవారి మనుమలు నెంబరు నొక్కి కూర్చున్నచోటనే చూచుకొనిరి.

దీనితో బాలదూత యుద్యోగము ఊడినదని మొన్న మొన్నటి దాక నేనును తలచితిని. గత వానకాలమున మా వీధిలో పనిచేసికొను నొకామె గొడుగు క్రింద నిలిచి, ఫోనును తన మనుమని చేతికిచ్చి, "బడివాళ్లేదో పెట్టారట, చదువు నాయనా" యనుట వింటిని. తల్లి గల్ఫున నున్నదట, ఇల్లు అమ్మమ్మదే. తొమ్మిదేండ్ల యా బాలుడు తెరవంక చూచి, ఒక్క క్షణమాగి, నా వంక చూచి, మరల తెరవంక చూచి, "వానలని రేపు సెలవంట అమ్మమ్మా" యనెను. ఇంటికి పోయి నేను కనుక్కొంటిని, సెలవు నిజమే. ఆ తెరమీద ఆ మాట క్రింద మఱి రెండు వాక్యములుండెను. వానిని వాడు చదువలేదు.