గడియారం ఫ్యాక్టరీ

మాది గోదావరి లంకల పక్క ఊరు. బడికి వచ్చే దారిలో ఒక పెంకుటింటి అరుగు మీద నలుగురైదుగురు లంక పొగాకుతో చుట్టలు చుడుతుండేవారు. రెండేళ్ళ క్రితం మా అమ్మాయి దగ్గరికి అమెరికాలోని టాంపా వెళ్ళినప్పుడు ఆ అరుగు మళ్ళీ గుర్తొచ్చింది.

టాంపాకి ‘సిగార్ సిటీ’ అని పేరు. 1886లో యీబర్ అనే స్పెయిన్ దేశస్థుడు అక్కడ ఫ్యాక్టరీ పెట్టాడు. ఆకు క్యూబా నుంచి ఓడల్లో దిగేది. చూస్తుండగానే వందకు పైగా ఫ్యాక్టరీలు లేచాయి. అందులో రీగెన్స్‌బర్గ్ కుటుంబం 1910లో కట్టిన ఇటుక భవనానికి గడియారపు గోపురం ఉంది. అందుకే జనం దాన్ని ‘ఎల్ రెలోహ్’, అంటే గడియారం, అన్నారు.

నన్ను బాగా ఆకట్టుకున్నది ఆ ఊరి ఫ్యాక్టరీల్లోని చదువరి సంగతి. చుట్టేవాళ్ళ చేతులు పనిలో ఉంటే, ఎత్తైన పీట మీద కూర్చుని ఒకాయన గట్టిగా పత్రికలు, నవలలు చదివేవాడు. ఆయన జీతం యజమానిది కాదు, కార్మికులే తలా కొంత వేసుకునేవారు. ఈ చదువులే సమ్మెలకు ఊతమిస్తున్నాయని 1931లో యజమానులు చదువరులను తీసేశారు. ఆ చోటికి రేడియో వచ్చింది.

యంత్రాలే ఈ పరిశ్రమను చంపాయంటారు. ఇంజనీరుని కాబట్టి వెనకేసుకొస్తున్నానేమో గానీ, నాకైతే పూర్తిగా నిజం అనిపించదు. జనం సిగరెట్టుకి మళ్ళారు, ఆర్థికమాంద్యం వచ్చింది, 1962లో అమెరికా క్యూబా సరుకును నిషేధించేసరికి ఆకే ఆగిపోయింది.

రీగెన్స్‌బర్గుల భవనంలోకి 1954లో న్యూమన్ కుటుంబం వచ్చింది. హంగరీ నుంచి వలసవచ్చిన జూలియస్ న్యూమన్ 1895లో క్లీవ్‌లాండ్‌లో, ఇంటి దగ్గరి కిరాణా కొట్టువాడు అడిగిన 500 సిగార్లతో మొదలుపెట్టిన వ్యాపారం వాళ్ళది. టాంపాలో పాత పెద్ద ఫ్యాక్టరీల్లో నేటికీ నడుస్తున్నది అదొక్కటే. అయితే వాళ్ళ పేరుమోసిన చేతి చుట్టలు చాలావరకు డొమినికన్ రిపబ్లిక్‌లో, నికరాగ్వాలో తయారవుతాయి. టాంపాలో మాత్రం 1930ల నాటి యంత్రాలు చాలాకాలం తిరిగాయి.

అక్కడ ప్రతి ఏడాదికీ లెక్క ఉంది. మన ఊరి అరుగు ఎప్పుడు ఖాళీ అయిందో మా బ్యాచ్‌లో ఎవరినడిగినా చెప్పలేకపోయారు. మా పై క్లాసులవారికి, మాస్టార్లకి గుర్తుంటే దయచేసి నాకు తెలియజేయండి.