ఉద్యోగమే ఊరికి వస్తే..

రాకపోకలు, భూ వినియోగంపై దూరసంచార వ్యవస్థ ప్రభావం

శ్రీకాకుళం, విజయనగరం: చదువు పూర్తికాగానే ఊరు విడవడం ఉత్తరాంధ్ర యువతకు కొత్త కాదు. శ్రీకాకుళం జిల్లావాసులు విశాఖపట్నం, హైదరాబాద్‌, చెన్నై నగరాలకు వలస వెళ్తుండగా, విజయనగరం నుంచి సుమారు 60 కిలోమీటర్ల దూరంలోని విశాఖకు నిత్యం రైళ్లలో, బస్సుల్లో వెళ్లివచ్చేవారూ ఉన్నారు. మనిషి కార్యాలయానికి వెళ్లే బదులు పనే మనిషి వద్దకు వచ్చే విధానం విస్తరిస్తే ఈ ప్రయాణాలతోపాటు పట్టణాల రూపురేఖలు, భూముల వినియోగం కూడా మారతాయి.

ఆలోచన పుట్టిందిలా..

అమెరికాలోని దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పనిచేసిన జాక్‌ నిల్స్‌ 1973లో ఈ పద్ధతికి ‘టెలికమ్యూటింగ్‌’ అని పేరు పెట్టారు. లాస్‌ఏంజిలెస్‌లోని ఒక బీమా సంస్థ ఉద్యోగుల రాకపోకలపై ఆయన బృందం అధ్యయనం చేసింది. అందరినీ నగరం నడిబొడ్డుకు రప్పించకుండా, నివాసాలకు దగ్గరలో చిన్న కార్యాలయాలు నెలకొల్పి వాటిని ప్రధాన కార్యాలయంతో అనుసంధానించాలన్నది అందులోని కీలకాంశం. అంటే తొలినాళ్లలోనే ఈ ఆలోచన ఇంటికి పరిమితం కాలేదు; ఇంటి దగ్గరి కార్యాలయానికీ అందులో చోటుంది.

సడలిన నిబంధనలు

మన దేశంలో కాల్‌సెంటర్ల వంటి సేవా సంస్థలు గతంలో కేంద్ర దూరసంచార శాఖ వద్ద నమోదు చేసుకోవాల్సి ఉండేది. 2020 మార్చి 25న లాక్‌డౌన్‌ మొదలయ్యాక అనేకమంది సాఫ్ట్‌వేర్‌ ఉద్యోగులు స్వగ్రామాల నుంచే విధులు నిర్వర్తించారు. అదే ఏడాది నవంబరు 5న కేంద్రం ఈ నిబంధనలను సరళీకరించి, ఎక్కడి నుంచైనా పనిచేసేందుకు వెసులుబాటు కల్పించింది. రాష్ట్ర ప్రభుత్వ ఐటీ విధానం 4.0 పట్టణాల్లో, మండలాల్లో ఐటీ కార్యాలయ వసతులు నిర్మించేవారికి ప్రోత్సాహకాలు ప్రతిపాదించింది. ముఖ్యంగా మహిళలకు ఇంటి నుంచి పని అవకాశాలు పెంచుతామని ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు 2025 ఫిబ్రవరి 11న ప్రకటించారు.

భూమిపై ఒత్తిడి తగ్గేనా?

వారంలో ఆరు రోజులు విజయనగరం నుంచి విశాఖకు వెళ్లివచ్చే ఉద్యోగి సుమారు 720 కిలోమీటర్లు ప్రయాణిస్తాడు. రెండు రోజులే వెళ్తే 240 కిలోమీటర్లతో సరి. వెళ్లాల్సిన రోజులు తగ్గాయని అతడు విశాఖకు 110 కిలోమీటర్ల దూరంలోని శ్రీకాకుళానికి నివాసం మారిస్తే, ఆ రెండు రోజులకే ప్రయాణం 440 కిలోమీటర్లకు చేరుతుంది. కలిసివచ్చిన దూరంలో కొంత ఇలా కరిగిపోతుంది.

భూముల సంగతీ అంతే. భోగాపురంలో సుమారు 2,200 ఎకరాల్లో తలపెట్టిన విమానాశ్రయానికి 2023 మే 3న శంకుస్థాపన జరిగింది. ఇటువంటి నిర్మాణాల చుట్టూ, జాతీయ రహదారి వెంట పంటపొలాలు లేఅవుట్లుగా మారే ఒత్తిడి సహజం. పని కేంద్రాలనూ ఊరికి దూరంగా రహదారుల పక్కన కడితే ఆ ఒత్తిడి మరింత పెరుగుతుంది. బస్టాండ్లకు, బజార్లకు దగ్గరలో ఉన్న భవనాలనే వాడుకుంటే సైకిలుపైనే చేరుకోవచ్చు. జీతం ఖర్చు స్థానిక వ్యాపారులకే దక్కుతుంది. శ్రీకాకుళం రోడ్‌ రైల్వేస్టేషన్‌ నగరంలో కాక ఆమదాలవలసలో ఉండటంతో ప్రయాణికులు మరో వాహనం ఎక్కక తప్పడం లేదు. స్థల ఎంపికకు ఈ అనుభవమే పాఠం.

స్తంభం కూలితే..

2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్‌ కోవింద్‌ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌ గ్రిడ్‌లో కేబుళ్లను ప్రధానంగా విద్యుత్తు స్తంభాల మీదుగా వేశారు. తవ్వకాల ఖర్చు తగ్గింది. అయితే 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటినప్పుడు ఉద్దానంలో స్తంభాలు పెద్దసంఖ్యలో నేలకొరిగాయి. స్తంభం కూలితే కరెంటు, ఇంటర్నెట్‌ రెండూ నిలిచిపోతాయి. జనరేటరు, బ్యాటరీలు, మరో మార్గంలో వచ్చే రెండో లైను ఒక్కో ఇంటికి సమకూర్చుకోవడం కష్టం. పదుగురు పంచుకునే కేంద్రానికి అది సాధ్యమే.

అందరికీ కాదు

వేట కోసం గుజరాత్‌లోని వెరావల్‌కు వెళ్లే మత్స్యకారుల, భవన నిర్మాణ కూలీల వలసను ఈ విధానం ఆపలేదు. రాజాం జీఎంఆర్‌ ఐటీ, ఎచ్చెర్ల అంబేడ్కర్‌ విశ్వవిద్యాలయం వంటి సంస్థల నుంచి బయటకొచ్చే పట్టభద్రులకు మాత్రం ఇది సొంతగడ్డపై నిలిచే దారి. ఆ దారి పొలాలను మింగకుండా పట్టణాలకు జీవం పోయాలంటే నమ్మకమైన లైను, నిరంతర విద్యుత్తు, ఊరి నడుమ చోటు.. మూడూ కలిసి రావాలి.