వజ్రమునకు కులమా?

కృష్ణాతీరమందలి కొల్లూరు గనుల వజ్రములు గోలకొండ పేర లోకప్రసిద్ధి గాంచినవి. వజ్రపరీక్ష మన దేశమున అంతకు బహుపూర్వమే శాస్త్రముగా నుండెను. మెఱుపును, కాఠిన్యమును, దోషములను నిశితముగా పరికించిన ఆ పెద్దలే రాతికి వర్ణభేదమును గూడ అంటగట్టిరి. ఆఱవ శతాబ్దిలో వరాహమిహిరుడు బృహత్సంహితయందు తెల్లని వజ్రము బ్రాహ్మణులకును, కత్తివన్నె గలది శూద్రులకును తగునని వ్రాసెను.

1797లో స్మిత్సన్ టెన్నాంట్ అను ఆంగ్ల రసాయనవేత్త వజ్రమును, బొగ్గును సమానమైన తూకమున దహించి చూచెను. రెండింటినుండియు పుట్టిన బొగ్గుపులుసు వాయువు సమానమే! మూలద్రవ్యము ఒక్కటే, భూగర్భమున సుమారు 150 కిలోమీటర్ల లోతున అపారమైన ఒత్తిడియు వేడిమియు దాని పరమాణువులను గట్టిగా పేర్చి వజ్రముగా మార్చినవి.

నిప్పులో రాతి వర్ణము నిలువలేదు. అట్టి వర్ణమును మనుజులయందు నిలుపజూచుట న్యాయమగునా?