మోటోక్రాస్ ట్రాక్‌పై ప్రమాదం జరిగితే ఏం చేయాలి? వెళ్లే ముందు ఏమేం అడగాలి?

మట్టి ట్రాక్‌పై బైక్ నడపడం ఇప్పుడు టీవీలో చూసే ఆట మాత్రమే కాదు. ఇండియన్ సూపర్‌క్రాస్ రేసింగ్ లీగ్ 2024లో పుణెలో మొదలైంది. పెద్ద నగరాల శివార్లలో గంటకు ఇంతని ఫీజు తీసుకుని డర్ట్ బైక్ నేర్పే చోట్లు ఉన్నాయి. మీరో, మీ ఇంట్లో పిల్లలో అలాంటి చోటికి వెళ్లాలనుకుంటే బైక్ ఏ కంపెనీదన్న ప్రశ్న తర్వాత. కింద పడితే అక్కడ ఎవరు చూసుకుంటారన్నది ముందు తెలుసుకోవాలి.

ఈ ఆటలో ఆరితేరినవాళ్లూ పడతారు. భారత్ నుంచి డకార్ ర్యాలీలో పాల్గొన్న తొలి బైక్ రైడర్ సి.ఎస్. సంతోష్ 2021 జనవరిలో సౌదీ అరేబియాలో ఆ ర్యాలీలోనే పడి తలకు దెబ్బ తగిలించుకున్నారు. హెలికాప్టర్‌లో రియాద్‌లోని ఆసుపత్రికి తరలించారు. ఆ తర్వాత ఆయన కోలుకున్నారు. అంత పెద్ద పోటీలో వైద్య బృందం, హెలికాప్టర్ సిద్ధంగా ఉంటాయి. మీ ఊరి పక్క ట్రాక్‌లో ఏముంటుందో మీరే అడిగి తెలుసుకోవాలి.

మోటోక్రాస్‌లో ప్రమాదాలు ఎలా జరుగుతాయి?

రోడ్డు మీద మాదిరిగా ఎదురుగా వచ్చే వాహనాలు ఇక్కడ ఉండవు. ప్రమాదాలు ఎక్కువగా మూడు చోట్ల జరుగుతాయి.

మొదటిది, రేసు మొదలైన వెంటనే వచ్చే తొలి మలుపు. గేటు పడగానే అందరూ ఒకేసారి అక్కడికి చేరతారు. ఒకరు పడితే వెనకవాళ్లు వాళ్ల మీదే పడతారు.

రెండోది, జంప్. పైకి ఎగిరేచోటు నుంచి అవతల దిగేచోటు కనిపించదు. ముందు రైడర్ అక్కడ పడి ఉంటే వెనక వచ్చే రైడర్‌కు గాల్లోకి లేచాక గానీ తెలియదు. అప్పటికి ఆగే వీలుండదు. పడటం వల్ల తగిలే దెబ్బ కంటే, పడిన మనిషి మీద వెనక బైక్ వచ్చి పడటం ఎక్కువ ప్రమాదకరం.

మూడోది, చక్రాలు తిరిగి తిరిగి ఏర్పడే లోతైన గాళ్లు. ముందు చక్రం అందులో ఇరుక్కుంటే హ్యాండిల్ ఒక్కసారిగా మెలితిరుగుతుంది.

కాలర్‌బోన్, మణికట్టు, కాలి ఎముకలు విరగడం, తలకు దెబ్బ తగలడం తరచూ కనిపించేవి. హ్యాండిల్ కొన పొట్టలో గుచ్చుకుంటే పైకి గాయం కనిపించకపోయినా లోపల ప్లీహమో, కాలేయమో చిట్లి రక్తం పోవచ్చు. అందుకే పొట్టకు దెబ్బ తగిలినవాళ్లు లేచి నడుస్తున్నా డాక్టరుకు చూపించాల్సిందే.

జెండాలు ఏం చెబుతాయి?

ట్రాక్‌లో మొదటి రక్షణ అంబులెన్స్ కాదు, జెండా పట్టుకుని నిలబడే మార్షల్. అంతర్జాతీయ మోటార్‌సైకిల్ సమాఖ్య ఎఫ్ఐఎం పాటించే ముఖ్యమైన జెండాలు ఇవీ:

• పసుపు జెండా కదలకుండా పట్టుకుంటే: ముందు ప్రమాదం ఉంది, జాగ్రత్తగా వెళ్లండి.
• పసుపు జెండా ఊపితే: ప్రమాదం ఎదురుగానే ఉంది. ఆగడానికి సిద్ధంగా ఉండాలి, ఓవర్‌టేక్ చేయకూడదు.
• తెల్ల జెండాపై ఎర్రటి అడ్డగీతల గుర్తు: వైద్య సిబ్బంది ట్రాక్‌పై ఉన్నారు. వేగం బాగా తగ్గించి, జంప్‌పై ఎగరకుండా చక్రాలు నేలను వదలకుండా దాటాలి.
• ఎర్ర జెండా: రేసు ఆపేశారు. అందరూ నెమ్మదించాలి.
• నీలం జెండా ఊపితే: మీకంటే ఒక ల్యాప్ ముందున్న రైడర్ వెనకే వస్తున్నారు.

మీరు చూడాల్సింది ఒకటుంది. జంప్‌కు ఇవతల, పైకి ఎగరకముందే కనిపించేచోట మార్షల్ ఉన్నారా? అవతల నిలబెడితే ఆ జెండాతో ఉపయోగం లేదు. ప్రాక్టీస్ రోజుల్లో చాలాచోట్ల మార్షల్స్‌ను తగ్గిస్తారు. నేర్చుకునేవాళ్లు ఎక్కువగా పడేది ఆ రోజుల్లోనే.

డబ్బు కట్టే ముందు అడగాల్సిన 6 ప్రశ్నలు

1. బైక్‌లు తిరుగుతున్నంతసేపూ అంబులెన్స్ ఇక్కడే ఉంటుందా? అందులో శిక్షణ పొందిన సిబ్బంది, ఆక్సిజన్, మెడ పట్టీ, స్పైన్ బోర్డు ఉన్నాయా?
2. ఒకరిని తీసుకుని అంబులెన్స్ వెళ్లిపోతే, మరొకటి వచ్చేవరకు ట్రాక్ ఆపేస్తారా? దీనికి "అవును" అని సూటిగా సమాధానం రాకపోతే ఆలోచించుకోండి.
3. తలకు దెబ్బ తగిలితే సీటీ స్కాన్, న్యూరోసర్జన్ ఉన్న ఆసుపత్రి ఎంత దూరంలో ఉంది?
4. పిల్లలనూ, పెద్ద బైక్‌లనూ ఒకే సమయంలో ట్రాక్‌పైకి వదులుతారా?
5. దుమ్ము లేవకుండా నీళ్లు చల్లుతున్నారా? దుమ్ములో ముందు రైడరే కాదు, జెండా కూడా కనిపించదు.
6. పోటీ అయితే, దేశంలో మోటార్ క్రీడలను నిర్వహించే సమాఖ్య ఎఫ్ఎంఎస్‌సీఐ అనుమతి ఉందా?

మీవైపు నుంచి హెల్మెట్, గాగుల్స్, ఛాతీ రక్షణ కవచం, మోకాలి రక్షణ, పొడవాటి గట్టి బూట్లు తప్పనిసరి. ఒకసారి గట్టిగా దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగానే కనిపించినా పక్కన పెట్టేయండి. దెబ్బను పీల్చుకునే లోపలి థర్మాకోల్ పొర ఒకసారి నలిగితే మళ్లీ పనిచేయదు.

ఎవరైనా పడితే ఏం చేయాలి?

ముందు వెనక వచ్చే బైక్‌లను ఆపించండి. మార్షల్ లేకపోతే, జంప్‌కు ఇవతలికి పరుగెత్తి చేతులు ఊపేందుకు ఒకరిని పంపండి. ఇది జరగకుండా గాయపడిన మనిషి దగ్గర గుమిగూడితే మరో ప్రమాదాన్ని పిలిచినట్టే. బైక్ ఇంజిన్ ఆపండి.

మనవాళ్లలో చాలామంది చేసే పని, పడిన మనిషిని వెంటనే లేపి కూర్చోబెట్టి, హెల్మెట్ తీసి, నోట్లో నీళ్లు పోయడం. ఈ మూడూ చేయకండి. మెడ ఎముక విరిగి ఉంటే ఆ ఒక్క కదలికతో కాళ్లూ చేతులూ పడిపోవచ్చు. స్పృహ సరిగా లేనివాళ్లకు పోసిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.

• కదలవద్దని చెబుతూ, తలను రెండు చేతులతో ఉన్నచోటే కదలకుండా పట్టుకోండి.
• పిలిస్తే పలుకుతున్నారా, ఊపిరి తీసుకుంటున్నారా చూడండి. గాగుల్స్ తీయవచ్చు.
• రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి.
• ఊపిరి ఆడుతున్నంతసేపూ హెల్మెట్ జోలికి పోవద్దు, వైద్య సిబ్బందికి వదిలేయండి.
• ఊపిరి ఆడకపోతేనే హెల్మెట్ తీయాలి. దానికి ఇద్దరు కావాలి. ఒకరు పట్టీ విప్పి, దవడనూ మెడ వెనక భాగాన్నీ పట్టుకుని కదలకుండా ఉంచుతారు. మరొకరు హెల్మెట్‌ను రెండు పక్కలకు విప్పారుస్తూ నెమ్మదిగా లాగుతారు. ఆ తర్వాత ఛాతీ మధ్యలో సీపీఆర్ మొదలుపెట్టాలి.

108కు ఫోన్ చేసేటప్పుడు

108 ఉచిత అంబులెన్స్ సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైంది. ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉంది. 112కూ ఫోన్ చేయవచ్చు. డర్ట్ ట్రాక్‌లు ఊరికి దూరంగా, పేరు లేని దారుల్లో ఉంటాయి కాబట్టి చిరునామా చెప్పడంలోనే సమయం పోతుంది. అందుకే వెళ్లగానే ఊరు, మండలం పేరు, దగ్గరి రోడ్డు, గుర్తుపట్టే గుడో, పెట్రోల్ బంకో రాసి పెట్టుకోండి. ఫోన్ చేశాక ఒకరిని మెయిన్ రోడ్డు మీద నిలబెట్టండి.

ఆసుపత్రిలో "ముందు పోలీసులు రావాలి" అంటే ఒప్పుకోనక్కర్లేదు. ప్రభుత్వ, ప్రైవేటు వైద్యులెవరైనా ముందు ప్రాణం కాపాడాలని, పోలీసు లాంఛనాలు దానికి అడ్డు కాకూడదని పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది.

బీమా వర్తిస్తుందా?

చాలామంది పొరపడేది ఇక్కడే.

• రోడ్డు ప్రమాద బాధితులకు 7 రోజుల వరకు, రూ.1.5 లక్షల దాకా నగదు రహిత చికిత్స ఇచ్చే కేంద్ర పథకం 2025 మేలో అమల్లోకి వచ్చింది. అది రోడ్డుపై జరిగే ప్రమాదాలకు. ప్రైవేటు ట్రాక్‌పై పడినప్పుడు దాన్ని నమ్ముకోకండి.
• మామూలు బైక్ బీమాలో రేసులు, వేగ పరీక్షలకు వాహనాన్ని వాడితే వర్తించదన్న షరతు ఉంటుంది.
• ఆరోగ్య బీమాలో, మోటార్ రేసింగ్ లాంటి సాహస క్రీడల్లో ప్రొఫెషనల్‌గా పాల్గొన్నప్పుడు తగిలే గాయాలకు మినహాయింపు ఉంటుంది. సరదాగా నేర్చుకునేవాళ్ల సంగతేమిటో మీ కంపెనీని ముందే రాతపూర్వకంగా అడగండి.
• నిర్వాహకులు సంతకం పెట్టించే పత్రం బీమా కాదు. ప్రమాద బీమా ఉందంటే పాలసీ కాపీ చూపించమనండి.

తలకు దెబ్బ తగిలితే మళ్లీ ఎప్పుడు?

స్పృహ తప్పకపోయినా మెదడు అదిరి ఉండవచ్చు. అడిగిందే మళ్లీ అడగడం, తూలడం, మసకగా కనిపించడం, ఎలా పడ్డారో గుర్తులేకపోవడం ఉంటే ఆ రోజుకు బైక్ ఎక్కకూడదు. డాక్టరు సరేననేవరకు తర్వాత కూడా ఎక్కకూడదు. వాంతులు ఆగకపోయినా, తలనొప్పి పెరుగుతున్నా, మగత కమ్మినా, ఫిట్స్ వచ్చినా, ఒక చెయ్యో కాలో బలహీనపడినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మొదటి రాత్రి ఒంటరిగా వదలకండి.

చివరగా మరో మాట. ట్రాక్ ఫీజు ఎక్కువని ఖాళీ రోడ్డు మీద పందేలు పెట్టుకోవడం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 189 కింద నేరం. మొదటిసారికే 3 నెలల వరకు జైలు లేదా రూ.5 వేల వరకు జరిమానా పడవచ్చు. పైగా అక్కడ పడితే వెనక వచ్చేది బైక్ కాదు, లారీ.