కొలిమి దగ్గరి జ్ఞానం: పేటెంట్ అప్పీళ్లలో ‘నిపుణుడు’ – గరివిడి నేపథ్యం

ఒక ఆవిష్కరణ నిజంగా కొత్తదా, లేక ఆ వృత్తి తెలిసిన ఎవరికైనా తట్టే మార్పేనా అని తేల్చడానికి పేటెంట్ చట్టం ఒక ఊహాత్మక వ్యక్తిని కొలమానంగా తీసుకుంటుంది. అతడే ‘ఆ రంగంలో నిపుణుడు’. అతనికి ఏమి తెలుసునన్నదే అనేక అప్పీళ్లలో ప్రధాన వివాదం.

భారతదేశంలో ఈ కొలమానానికి ఆధారమైన తీర్పు లోహపాత్రల తయారీకి సంబంధించినది. పాత్రలకు మెరుగుపెట్టేటప్పుడు వాటిని లేత్ యంత్రంపై పట్టి ఉంచే సాధనానికి మీర్జాపూరులోని హిందుస్థాన్ మెటల్ ఇండస్ట్రీస్ 1951లో పేటెంట్‌కు దరఖాస్తు చేసింది. అదే ఊరి బిశ్వనాథ్ ప్రసాద్ రాధేశ్యామ్ సంస్థ ఆ పేటెంట్‌ను సవాలు చేసింది. అలహాబాదు హైకోర్టు ఏకసభ్య న్యాయమూర్తి పేటెంట్‌ను రద్దుచేయగా, అప్పీలులో ధర్మాసనం దానిని నిలబెట్టింది. 1978 డిసెంబరు 13న సుప్రీంకోర్టు రద్దునే ఖరారు చేసింది. దరఖాస్తు తేదీనాటి సాధారణ వృత్తిజ్ఞానం గల సమర్థుడైన పనివాడినో ఇంజనీరునో కోర్టు ప్రమాణంగా తీసుకొని, కేవలం చేతిపనివానిని అతని నుండి వేరుచేసింది.

ఈ విభజనను గరివిడి నుండి చూస్తే చరిత్రకారునికి ఒక సమస్య ఎదురవుతుంది. పరిసరాల్లోని కోడూరు పేరిట ‘కోడురైట్’ అనే శిలకు ఫెర్మర్ నామకరణం చేశాడు. 1909లో వెలువడిన ఆయన మాంగనీసు గ్రంథం నేటికీ లిఖిత ప్రమాణమే. కానీ ఖనిజాన్ని చేతబట్టి నాణ్యతను అంచనా వేసిన కూలీల అనుభవానికి అటువంటి గ్రంథం లేదు. తరువాత శ్రీరామనగర్‌లో వెలసిన ఫెర్రో అల్లాయ్స్ కర్మాగారంలో కొలిమి తీరును కనిపెట్టినవారి నేర్పుకూ, శ్రీకాకుళం జిల్లా బుడితి కంచు పనివారి నేర్పుకూ ఇదే వర్తిస్తుంది.

చట్టం ఈ లోటును కొంత గుర్తించింది. స్థానిక సమాజంలో మౌఖికంగా ఉన్న జ్ఞానం కూడా పేటెంట్ రద్దుకు కారణం కావచ్చునని 2002 సవరణ 64వ సెక్షనులో చేర్చింది. 2021లో మేధోసంపత్తి అప్పీళ్ల బోర్డు రద్దయ్యాక ఇటువంటి వివాదాలను హైకోర్టులు వింటున్నాయి. అయితే మౌఖిక జ్ఞానానికైనా సాక్ష్యం కావాలి. అది దరఖాస్తు తేదీకి ముందునుంచే ఉన్నదని నిరూపించాలి.

కనుక వృత్తిపదాలను, పనివారి వాంగ్మూలాలను తేదీలతో సేకరించడం భాషాపరిశోధనకే పరిమితమైన పని కాదు. నేడు నమోదు కాని నేర్పు రేపు మరొకరి ఆవిష్కరణగా కోర్టు ముందుకు రావచ్చు. అప్పుడు ఆ పనివాని పక్షాన మాట్లాడగలిగేది ఆ నమోదే.