కాపురం నిలబడుతుందా, మనిషి బతుకుతుందా? (మన వాడల చరిత్ర – 17)



కారంచేడు (1985), చుండూరు (1991) తర్వాత మనవాళ్ళు పోలీస్ స్టేషన్ ముందు కూర్చోవడం ఎలా నేర్చుకున్నారో పోయిన రెండు భాగాల్లో రాశాను. ఎఫ్‌ఐఆర్ నంబరు చెప్పేదాకా కదలకపోవడం, ఏ సెక్షన్ పెట్టారో అడగడం, పెట్టని సెక్షన్ పెట్టించడం. ఆ చదువు మనకి ఊరికే రాలేదు, శవాలు లేచాక వచ్చింది. ఈ భాగంలో అదే స్టేషన్‌కి మన వాడలోంచి ఇంకో మనిషి వెళ్తుంది. ఆమె వెంట ధర్నా ఉండదు, జెండా ఉండదు. చంకలో పిల్ల ఉంటుంది. కొట్టింది ఊళ్ళో పెద్దకులపోడు కాదు, మొగుడు.

ఆమెకి ఎంత ప్రమాదం ఉందో స్టేషన్ ఎలా లెక్కగడుతుంది? ఆ లెక్క కట్టే పద్ధతి ఎక్కడినుంచి వచ్చింది? ఇవాళ్టి చరిత్ర ఇదే.

"మన పరువు మనమే తీసుకుంటామా అక్కా" అని ఇన్‌బాక్స్‌లో అడిగేవాళ్ళు ఉంటారు. వాళ్ళకి ముందే చెప్తున్నా. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో భర్త చేతిలో హింస చూశామన్న పెళ్ళైన ఆడవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి 29 మంది. ఆంధ్రలో 30, తెలంగాణలో దాదాపు 37. ఇది ఒక్క కులం లెక్క కాదు. మేడల్లోనూ కొడతారు, రేకుల ఇళ్ళలోనూ కొడతారు. మన ఇంట్లో కేక పక్కింటికి వినిపిస్తుంది, అంతే తేడా. ఇంకో అంకె కూడా గుర్తుపెట్టుకోండి. శారీరక, లైంగిక హింస చూసినవాళ్ళలో ఎవరినైనా సాయం అడిగినవాళ్ళు నూటికి 14 మందే. అందులో స్టేషన్ దాకా వచ్చేవాళ్ళు ఇంకా తక్కువ. కాబట్టి గుమ్మం దాకా వచ్చిన ఆడమనిషి చిన్న గొడవకి వచ్చి ఉండదు. మిగతా దారులన్నీ మూసుకుపోయాకే వస్తుంది.

పరువు అనేవాళ్ళకి 1942 గుర్తుచేస్తా. ఆ ఏడు జులై 20న నాగ్‌పూర్‌లో అణగారిన వర్గాల అఖిల భారత మహిళా మహాసభ జరిగింది. సులోచనాబాయి డోంగ్రే అధ్యక్షురాలు. బాబాసాహెబ్ వచ్చి మాట్లాడారు. పెళ్ళైన ఆడది మొగుడికి స్నేహితురాలిగా, సమానంగా నిలబడాలి, బానిసగా ఉండటానికి ఒప్పుకోకూడదు అన్నది ఆయన మాటల సారం. ఆ సభ తీర్మానాల్లో విడాకుల హక్కు ఉంది. మగాడు ఒకరి మీద ఒకరిని కట్టుకోకుండా చట్టం కావాలన్నది ఉంది. హిందూ వివాహ చట్టం వచ్చింది 1955లో. అంటే 13 ఏళ్ళ ముందే అంటరాని ఆడవాళ్ళు ఆ మాట అడిగేశారు. ఇంటి లోపలి హింస గురించి మాట్లాడటం మన ఉద్యమానికి బయటినుంచి తెచ్చిన విషయం కాదు. అది మన ఎజెండానే. మధ్యలో మనమే వదిలేశాం.

ఇక చట్టం సంగతి. కట్నం చావుల మీద దేశమంతా ఆడవాళ్ళు రోడ్డెక్కాక 1983లో ఐపీసీలో 498ఏ చేరింది. అందులో క్రూరత్వానికి రెండు అర్థాలు రాశారు. ఒకటి, ఆమెను ఆత్మహత్యకి నెట్టేలా, లేదా ఆమె ప్రాణానికి, ఒంటికి, ఆరోగ్యానికి ప్రమాదం తెచ్చేలా కావాలని ప్రవర్తించడం. రెండు, కట్నం కోసం వేధించడం. 2024 జులై నుంచి ఇది భారతీయ న్యాయ సంహితలో 85, 86 సెక్షన్లయింది, అర్థం మారలేదు. మొదటి అర్థాన్ని మళ్ళీ చదవండి. అందులో కట్నం ఊసే లేదు. ప్రమాదం అనే మాట ఉంది.

కానీ స్టేషన్లు రెండోదాన్నే బాగా వంటపట్టించుకున్నాయి. రైటర్ మొదట అడిగేది "కట్నం ఎంతిచ్చారు? ఇంకా తెమ్మన్నాడా?" అని. మా నాయనమ్మ పెళ్ళికి ఓలి ఇచ్చింది మగపెళ్ళివారు. కట్నం మనదాకా తర్వాత వచ్చిన జబ్బు. కూలికి పోయి తెచ్చిన డబ్బులు ఇవ్వలేదని, అనుమానంతో, కూర బాలేదని దెబ్బలు తినే మాదిగావిడ, మాలావిడ ఆ ప్రశ్నకి "లేదయ్యా" అంటుంది. అక్కడితో ఆమె కేసు సగం పల్చబడిపోతుంది.

1983లోనే ఇంకో మార్పు చేశారు. పెళ్ళైన ఏడేళ్ళలోపు ఆడమనిషి ఆత్మహత్య చేసుకున్నా, అనుమానాస్పదంగా చనిపోయినా పోస్ట్‌మార్టం తప్పనిసరి. మన దగ్గర తహసీల్దారు వచ్చి శవపంచనామా చేస్తాడు. మంచి ఏర్పాటే. కానీ బతికున్నన్నాళ్ళూ గడప తొక్కని ప్రభుత్వం ఆమె చచ్చాక ఇంటికొస్తుంది. ఎనిమిదో ఏట చనిపోతే ఆ తప్పనిసరి కూడా ఉండదు, పుట్టింటివాళ్ళు పట్టుబట్టాలి. కూలి మానుకుని పట్టుబట్టే పుట్టిల్లు ఎంతమందికి ఉంది?

తర్వాత కౌన్సెలింగ్ కాలం వచ్చింది. 2013లో లలితా కుమారి తీర్పులో సుప్రీంకోర్టు ఎఫ్‌ఐఆర్ తప్పనిసరి అంటూనే, భార్యాభర్తల తగాదాల్లో ముందు ప్రాథమిక విచారణ చేసుకోవచ్చు అంది. 2017లో 498ఏ ఫిర్యాదులు ముందు జిల్లా కుటుంబ సంక్షేమ కమిటీలకి పంపాలంది. 2018లో ముగ్గురు జడ్జీల ధర్మాసనం ఆ కమిటీలు చెల్లవంది. 2025 జులైలో ఉత్తరప్రదేశ్‌కి చెందిన ఒక కేసులో, రెండు నెలలు ఆగి కమిటీకి పంపే అలహాబాద్ హైకోర్టు పద్ధతిని సుప్రీంకోర్టే మళ్ళీ సమర్థించింది. ఈ రాకపోకలన్నిటిలో నలిగిన ప్రశ్న "కేసు నిజమా, అబద్ధమా, కాపురం నిలబడుతుందా" అన్నదే. ఆ రెండు నెలలు ఆమె ఏ కప్పు కింద పడుకోవాలి అన్న ప్రశ్న పక్కకి పోయింది.

ఇరవై ఏళ్ళుగా ఆడవాళ్ళ వెంట స్టేషన్లకి వెళ్తున్నా. అడిగే ప్రశ్నలు నాకు కంఠతా వచ్చు. పెళ్ళై ఎన్నేళ్ళు? పిల్లలెంతమంది? తాగుతాడా? నువ్వేమన్నావ్? అడగని ప్రశ్నలు కూడా తెలుసు. గొంతు నులిమాడా? చంపుతానన్నాడా? ఈమధ్య దెబ్బలు పెరిగాయా? నువ్వు వెళ్ళిపోతానన్నాక ఏం చేశాడు? ఒకసారి ఒకామె "పురుగుమందు డబ్బా తెచ్చి మంచం కింద పెట్టుకున్నాడు సార్" అని మూడుసార్లు చెప్పింది. కాయితం మీద పడింది మాత్రం "చిన్నపాటి కుటుంబ కలహం, ఇరువర్గాలు రాజీ". స్టాంపు పేపర్ మీద ఇకపై కొట్టనని అతని సంతకం, సాక్షులుగా ఇద్దరు కులపెద్దలు. ఆమె ఇవాళ బతికుందంటే ఆ రాత్రి పక్కింటి పెద్దమ్మ తలుపు తీయబట్టే, ఆ కాయితం వల్ల కాదు.

నేను అడగాలంటున్న ప్రశ్నలు నా సొంతం కాదు. 1985లో అమెరికాలో జాక్వెలిన్ క్యాంప్‌బెల్ అనే నర్సు ఇలాంటి ప్రశ్నల జాబితా ఒకటి తయారుచేసింది. దెబ్బలు తింటున్న ఆడవాళ్ళని సంప్రదించి చేసింది. గొంతు నులమడం, చంపుతాననడం, బలవంతపు సంభోగం, ఆమె విడిపోవాలనుకోవడం, ఇవి హత్యకి దగ్గరి గుర్తులని తర్వాతి పరిశోధనలూ చూపించాయి. చాలా దేశాల్లో ఇలాంటి ప్రశ్నలు పోలీసుల పని కాయితాల్లోకి ఎక్కాయి.

మన ఆడవాళ్ళు ఆ లెక్క ఏ జాబితా లేకుండానే వేశారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో. రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకుంటూ కూర్చున్నవాళ్ళు తమ మీద దెబ్బలు ఎప్పుడు పడుతున్నాయో, కూలిడబ్బులు ఎటు పోతున్నాయో మాట్లాడుకుని సారా దుకాణం మూయించారు. రోశమ్మ పేరు అలాగే బయటికొచ్చింది. ఆ మంట జిల్లాలు దాటింది. ముందు వరసలో నిలబడింది ఎక్కువగా కూలి చేసుకునే దళిత, వెనకబడిన కులాల ఆడవాళ్ళే. 1993 అక్టోబర్‌లో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో ప్రభుత్వం దాన్ని ఎత్తేసింది. చరిత్రకారులు దీన్ని మద్యం ఉద్యమం అని రాస్తారు. నేను దీన్ని మన రాష్ట్రంలో గృహహింస ప్రమాదాన్ని కొలిచిన మొదటి పెద్ద ప్రయత్నం అంటాను. కొలిచింది ప్రభుత్వం కాదు. ప్రభుత్వం సారా పాటల ఆదాయం లెక్కేసుకుంటూ కూర్చుంది.

చివరికి 2005లో గృహహింస చట్టం వచ్చింది, 2006 అక్టోబర్ 26 నుంచి అమలు. దీని నియమాలు తెరిచి చూడండి. రక్షణాధికారి పరిస్థితిలో ఉన్న ప్రమాదాన్ని అంచనా వేసి, ఆమెతో మాట్లాడి, భద్రతా ప్రణాళిక తయారుచేయాలి అని ఉంది. దానికి ఫారం 5. అందులో ఆమె భయాలు రాయడానికి ప్రత్యేకంగా గడి ఉంది. మళ్ళీ కొడతాడనా, హింస పెరుగుతుందనా, గాయపడతాననా. పక్క గడిలో, భద్రతకి ఏం కావాలి. మంచం కింద పురుగుమందు డబ్బాకి చోటు ఆ కాయితంలో ఉంది! ఫోన్లో కబురు అందినా, అది నమ్మదగ్గదైతే పోలీసుల సాయంతో వెంటనే వెళ్ళాలని కూడా ఉంది. మేజిస్ట్రేట్ మామూలుగా మూడు రోజుల్లో మొదటి వాయిదా వేయాలి, 60 రోజుల్లో తేల్చడానికి చూడాలి. రక్షణ ఉత్తర్వు మీరితే ఏడాది దాకా జైలు.

మరి ఎందుకు జరగట్లేదు? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జిల్లా మొత్తానికి మహిళా శిశు సంక్షేమ శాఖ ప్రాజెక్ట్ డైరెక్టర్‌నే రక్షణాధికారిని చేశారు. అంగన్‌వాడీల నుంచి అన్నీ చూసే మనిషికి ఇది ఇంకో బరువు. జిల్లా కేంద్రానికి పోవాలంటే మనామెకి ఒక రోజు కూలి, రెండు బస్సు టికెట్లు పోతాయి. ఫారం 5 పేరు చెప్తే "అదేంటి మేడమ్" అన్న అధికారుల్ని నేను ఒకరికంటే ఎక్కువమందిని చూశాను.

ఇంకో చిక్కుముడి కూడా దాచను. మన ఆడవాళ్ళు చాలామంది మొగుణ్ణి జైల్లో పెట్టమని అడగరు. దెబ్బలు ఆపమంటారు. స్టేషన్‌కి పోతే మాల మాదిగ మగాడి ఒంటి మీద లాఠీ ఎలా ఆడుతుందో వాళ్ళకి తెలుసు. ఆ భయంతోనే కేసు వెనక్కి తీసుకుంటారు, అప్పుడు "వీళ్ళంతే, పొద్దున కేసు, సాయంత్రం రాజీ" అని నవ్వుతారు. 2014 అర్నేష్ కుమార్ తీర్పు ఆలోచించకుండా అరెస్టు చేయొద్దంది. పేదోడికి అది మంచిదే. కానీ అరెస్టు లేనంత మాత్రాన ఏమీ చేయనక్కర్లేదని కాదు. అరెస్టుకీ రాజీకీ మధ్య చట్టం పెద్ద చోటు వదిలింది. ఇంట్లోనే ఉండే హక్కు, దగ్గరికి రావొద్దనే ఉత్తర్వు, ఖర్చులు, భద్రతా ప్రణాళిక. మనం లాఠీ అడగట్లేదు. ఆ కాయితం నింపమని అడుగుతున్నాం.

కాబట్టి సంఘాల్లో ఉన్న తమ్ముళ్ళకి, అన్నలకి ఒక మాట. అట్రాసిటీ కేసులో సెక్షన్ నంబరు దాకా పట్టుబట్టే మీరు, వాడలో ఆడమనిషి దెబ్బలు తింటే కులపెద్దల్లో ఒకరిగా కూర్చుని స్టాంపు పేపర్ మీద సాక్షి సంతకం పెడుతున్నారు. ఆ పెన్ను కింద పెట్టండి. ఆమెని అడగండి: ఈ రాత్రి ఎక్కడుంటావ్? గొంతు పట్టుకున్నాడా? చంపుతానన్నాడా? ఆమె చెప్పింది చెప్పినట్టు గృహహింస నివేదికలో, అంటే డీఐఆర్‌లో రాయించండి. ఫారం 5 అడగండి. రశీదు తీసుకోండి. 181కి ఫోన్ చేయడం వాడలో ప్రతి ఆడపిల్లకీ నేర్పండి. రాజీ మాట ఆమె క్షేమంగా ఉన్నాక, ఆమె కోరితేనే ఎత్తండి.

వచ్చే భాగంలో ఇంటి పట్టా ఎవరి పేరున ఉందన్నది ఆడమనిషి ప్రాణాన్ని ఎలా నిర్ణయిస్తుందో రాస్తాను. మీ ఊళ్ళో ఎవరైనా ఫారం 5 నింపించి ఉంటే, పేర్లు లేకుండా ఎలా సాధించారో కింద రాయండి. అవతల ఊళ్ళో ఇంకొకరికి పనికొస్తుంది.

జై భీమ్.