కిళ్ళీకొట్టు నిప్పుతాడు

కిళ్ళీకొట్టు గుంజకు వేలాడుతూ, కొసన ఎర్రగా రగులుతుండే కొబ్బరితాడును ఈ తరం విద్యార్థులు చూసి ఉండకపోవచ్చు. మా రోజుల్లో, అంటే 1980లలో, బెజవాడ కళాశాలల ఎదుట అది మామూలు దృశ్యం. అగ్గిపెట్టె కొననక్కరలేదు, సిగరెట్టు పెట్టె అసలే అక్కరలేదు. ఒక్క సిగరెట్టు తీసుకుని, తాడు కొసకు ఆనించి, రెండు దమ్ములు లాగి పక్కవాడికి అందిస్తే సరిపోయేది. మగపిల్లలు కాలేజీలో చేరగానే పొగకు ఎందుకు అలవాటు పడతారని ఎవరిని అడిగినా సినిమాలంటారు, చెడు సావాసాలంటారు. రెండూ అబద్ధాలు కావు. కాని వెనుదిరిగి చూసుకున్నప్పుడల్లా నాకు మొదట కనిపించేది ఆ తాడే.

పొగాకు మన తీరానికి కొత్త కాదు. 17వ శతాబ్ది తొలినాళ్ళలో మచిలీపట్నంలో ఉన్న ఆంగ్ల వర్తకుడు విలియం మెత్‌వోల్డ్ గోల్కొండ రాజ్యం గురించి రాసిన వృత్తాంతంలోనే పొగాకు ప్రస్తావన ఉంది. అయితే ఆ తర్వాత మూడు వందల ఏళ్ళపాటు మన పల్లెల్లో పొగ అంటే చుట్టే. చుట్టకు ఒక వయసు ఉండేది, ఒక హోదా ఉండేది. పొలం గట్టున కూర్చున్న పెద్దరైతు నోట్లో అది శోభించేది. కన్నతండ్రి ఎదుట కొడుకు చుట్ట వెలిగించడం తలవంపులుగా భావించిన సమాజం అది. నలభై ఏళ్ళ కొడుకు కూడా తండ్రి అలికిడి వినగానే చుట్టను వెనక్కి దాచుకోవడం నేను కళ్ళారా చూశాను.

మరి విద్యార్థి చేతికి పొగ ఎప్పుడు వచ్చింది? నాకు తెలిసిన మేలైన సాక్ష్యం డెల్టాలో లేదు, ఉత్తరాన విజయనగరంలో ఉంది. 1892లో ప్రదర్శితమై, 1897లో అచ్చై, 1909లో పెరిగి కొత్త రూపు దాల్చిన కన్యాశుల్కంలో, గిరీశం దగ్గర తనకు పట్టుబడిన విద్య చుట్ట కాల్చడం ఒక్కటేనని వెంకటేశం గురువు మొహం మీదే దెప్పుతాడు. మనం నవ్వుకుని పేజీ తిప్పేస్తాం. గురజాడ అక్కడ చూపిన సంగతి మాత్రం నవ్వులాట కాదు. వెంకటేశానికి పొగ నేర్పినవాడు తండ్రి కాడు, బడిపంతులూ కాడు. అటు పెద్దరికం, ఇటు స్నేహం రెండూ నటించగల, నాలుగు ఇంగ్లీషు ముక్కలు ఎక్కువ తెలిసిన సీనియరు. ప్రతి కాలేజీలోనూ ఈ గిరీశం ఒకడు ఉంటాడు, పేరే మారుతుంది.

వెనుకటి విద్యార్థికి మరొక కాపలా ఉండేది. వారాలు చేసుకుని చదువుకునే పేదపిల్లవాడు రోజుకొక ఇంట భోజనం చేసేవాడు. ఏడిళ్ళ ఇల్లాళ్ళ కళ్ళు అతడి మీద ఉండేవి. నోట పొగ వాసన వస్తే ఆ వారం పోయినట్టే. బెజవాడలో కళాశాలలు పెరిగిన కొద్దీ ఆ కాపలా సడలింది. ఎస్.ఆర్.ఆర్. అండ్ సి.వి.ఆర్. కళాశాల 1937లోను, ఆంధ్ర లయోలా 1953లోను, కానూరులో సిద్ధార్థ ఇంజనీరింగు కళాశాల 1977లోను వచ్చాయి. వాటి చుట్టూ అద్దెగదులు, భోజన హోటళ్ళు, మనియార్డర్లు వచ్చాయి. పల్లె నుంచి వచ్చిన పదిహేడేళ్ళ కుర్రవాడికి జీవితంలో మొదటిసారి తన వాసన పసిగట్టేవాళ్ళు లేని గది దొరికింది. నా దృష్టిలో సినిమాకంటే పెద్ద కారణం ఇదే.

సినిమా పాత్ర లేదని అనను. గాంధీనగరం నిండా పంపిణీదారుల ఆఫీసులున్న ఊరిలో ఉండి అలా అంటే నమ్మేదెవరు? ప్రకటనలూ తక్కువ తినలేదు. హైదరాబాదులో 1930లో ఏర్పడిన వజీర్ సుల్తాన్ కంపెనీ చార్మినార్ మా తరానికి ముందే విద్యార్థుల జేబుల్లోకి చేరింది, చవక గనుక. అదే కంపెనీ 1980లలో చార్మ్స్ అనే సిగరెట్టును జీన్సు గుడ్డ బొమ్మ ముద్రించిన పెట్టెలో తెచ్చినప్పుడు అది ఎవరికోసమో వేరే చెప్పనక్కరలేకపోయింది. 1996లో మన ఉపఖండంలో జరిగిన క్రికెట్ ప్రపంచ కప్పుకు విల్స్ పేరే పెట్టారు.

ఇక్కడ కృష్ణ దాటాలి. 1912లో ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీ ఏర్పడింది. 1920 ప్రాంతాల్లో గుంటూరు నేలల్లో వర్జీనియా పొగాకు వేళ్ళూనింది. చీరాలలో ఆకు శుద్ధిచేసే కర్మాగారం నడిచింది. 1976లో పొగాకు బోర్డు గుంటూరు కేంద్రంగా ఏర్పడింది. మన వరిపొలాల ఆవలి ఒడ్డున వేలాది కుటుంబాలు ఈ ఆకు మీద బతికాయి. రైతు తాగేది చుట్ట. బ్యారన్లో కాల్చిన పచ్చబంగారు వర్జీనియా ఆకు అతడు తాగడానికి కాదు, అమ్ముకోవడానికి. ఆ సొమ్ముతో కొడుకును బెజవాడ పంపేవాడు. ఆకు ఫ్యాక్టరీ చుట్టి వచ్చి, సిగరెట్టై, కొడుకు కాలేజీ ముందు గాజుసీసాలో కూర్చునేది.

మాచవరం వైపు మా అద్దెగదిలో నలుగురం ఉండేవాళ్ళం. అందులో ఒకడు ప్రకాశం జిల్లా పొగాకు రైతు కొడుకు. పొగాకు జిగురుతో నల్లబడిన చేతులతో అన్నం తిని పెరిగినవాడు. సిగరెట్టు చూస్తే మొహం తిప్పుకునేవాడు. "మా నాన్న దీన్ని అమ్మి నన్ను చదివిస్తున్నాడు, నేను తాగితే లెక్క తప్పుతుంది" అనేవాడు. రెండో ఏడు పరీక్షల ముందు ఒక రాత్రి, నిద్ర ఆగదని వాడు కునికిపాట్లు పడుతుంటే, కిళ్ళీకొట్టుకు తీసుకెళ్ళి, తాడుకు నేనే అంటించి, చేతికిచ్చాను. వాడికంటే నేను ఆరు నెలలు పెద్దవాణ్ణి. అప్పటికి పొగలో నా అనుభవం ఏడాది. దగ్గుతూ సగం తాగాడు. మర్నాడు వాడే రమ్మన్నాడు. నెల తిరిగేసరికి కొట్టులో మా ఇద్దరికీ ఉమ్మడి ఖాతా.

చట్టాలు చేయలేదా అంటే చేశారు. 1975 చట్టంతో పెట్టె మీద హెచ్చరిక వచ్చింది. 2003 చట్టం 18 ఏళ్ళలోపు వారికి అమ్మరాదంది, విద్యాసంస్థలకు నూరు గజాల లోపల అమ్మరాదంది. ఆ నూరు గజాలను ప్రహరీ గోడ నుంచి అన్ని దిక్కులా కొలవాలి. వీధికి మూడు కాలేజీలున్న బెజవాడలో నిజంగా కొలిస్తే కొట్టు పెట్టడానికి చోటెక్కడ? 2009లో పెట్టెల మీదికి బొమ్మ హెచ్చరిక వచ్చింది. 2016 నుంచి అది పెట్టెలో 85 శాతాన్ని ఆక్రమించింది. విడిగా ఒక్కటి కొనే విద్యార్థి చేతికి ఆ పెట్టె రాదు. బొమ్మను చూసేది కొట్టువాడే!

ఈ ప్రయత్నాలు వృథా అని అనడం లేదు. 2009-10 జాతీయ సర్వేలో 24.3 శాతం మగవారు పొగ తాగేవారు, 2016-17 నాటికి అది 19 శాతానికి దిగింది. పొగాకు మొదలుపెట్టే సగటు వయసు కూడా 17.9 నుంచి 18.9 ఏళ్ళకు జరిగింది. ఒక ఏడాది జరిగింది, అంతే. ఇంటర్ గట్టెక్కి, ఇల్లు వదిలి, కొత్త గదిలో పెట్టె దించే ఏడాది అది.

నేను ముప్ఫై దాటాక మానేశాను, రెండుసార్లు ఓడి మూడోసారి. వాడు మానలేకపోయాడు. కొన్నేళ్ళ క్రితం చూడటానికి వెళితే, మేడ మెట్లు ఎక్కలేక కింది గదిలోకి మకాం మార్చుకున్నాడు. మాటకూ మాటకూ మధ్య ఊపిరి కూడదీసుకుంటున్నాడు. పాత సంగతి నేను ఎత్తబోతే ఎత్తనివ్వలేదు. "అది వదిలెయ్ రా. మావాడు ఇంజనీరింగులో చేరాడు. సెలవులకు వచ్చాడు. చొక్కా వాసనొస్తోంది. నేను చెబితే ఏం వింటాడు, నువ్వు చెప్పు" అన్నాడు.

కుర్రవాణ్ణి బజారు దాకా తోడు తీసుకెళ్ళాను. పుదీనా బిళ్ళ చప్పరిస్తున్నాడు. ఏం చెప్పాలో దారి పొడుగునా తోచలేదు. చివరికి, మొదటిది ఎవరిచ్చారని మాత్రం అడిగాను.

"రూమ్మేట్ బాబాయ్. మంచివాడే" అన్నాడు.